ఇంట తయారగు విమానపు రెక్క

విమానములు పెద్ద కర్మాగారములలోనే తయారగునని మనమందరము తలంతుము. కాని అమెరికాలో కారు నిలుపుకొను షెడ్డునందే, సెలవు దినములలో, తమ విమానమును తామే కట్టుకొను గృహస్థులు వేలకొలది యున్నారు. వీరి సంఘము 1953లో పాల్ పొబెరెజ్నీ పూనికతో మిల్వాకీ నగరమున ఏర్పడినది. ఓరెగన్ రాష్ట్రమున రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ నెలకొల్పిన సంస్థ పంపు సామగ్రితో కట్టిన లోహవిమానములే 11,000కు పైగా ఎగిరినవి. అచటి ప్రభుత్వ నిబంధన ప్రకారము ఇట్టి విమానమున అధికభాగపు పనిని విద్యకొరకో వినోదముకొరకో ఔత్సాహికులే చేసియుండవలెను. కావున సాధారణముగా పెట్టెలో వచ్చునది రెక్క కాదు, రేకులు.

రెక్క లోపల మూలమునుండి కొనవరకు సాగు గట్టి దూలము కలదు. దానికి అడ్డముగా, పక్కటెముకలవలె, పలుచని రేకుముక్కలు వరుసగా నిలుచును. రెక్క వంపును నిలుపునవి ఇవియే. ప్రతి ఎముక అంచును మడచి పెదవి తీయుదురు. వంపుదారిన మడచినపుడు హెచ్చు లోహమునకు చోటు చాలక ఎముక విల్లువలె వంగిపోవును. అందుచే పెదవిపై నచ్చటచ్చట ప్రత్యేకమైన పట్టుకారుతో నొక్కులు వేయుదురు. చీరకు కుచ్చిళ్లు పెట్టినట్లు ఆ నొక్కులలో లోహము ఇమిడిపోయి ఎముక తిన్ననగును. నడుమనున్న పెద్ద గుండ్రని రంధ్రములు బరువు తగ్గించుటకు. వాని అంచులు మడచియుండుటచే బిగువు చెడదు.

అసలు కష్టము చిన్న రంధ్రములతో. రెక్కకు వేలకొలది రివెట్లు పట్టును. పైరేకు మందము చూతుమా, పెక్కుచోట్ల అంగుళములో నలుబదవ వంతే. డ్రిల్లు తొలిచిన అంచున కంటికానని లోహపు పొరక నిలిచి, వేలితో తడవిన గరగరలాడును. దానిని తీయకున్న రేకులు ఒకదానికొకటి ఆనవు. అంతకు మించిన ముప్పు, పగులు పుట్టుట. గాలిలో రెక్క ఎడతెగక వంగుచు లేచుచుండును. ఒక్కసారి వంగి విరగని రేకు వేలమారులు వంగినచో పగులు సాగును. 1954లో కామెట్ అను జెట్ విమానములు రెండు మధ్యధరా సముద్రమున కూలినపుడు విచారణలో బయల్పడినది ఇట్టి లోహపు అలసటయే. అవి రెక్కవి కావు, దేహమునకు కలిగిన పగుళ్లు. కాని పుట్టినది కోసిన సందుల మూలలయొద్ద, రివెట్టు రంధ్రములయొద్ద. రేకుపై గుర్తు పెట్టుటకు మామూలు పెన్సిలునైనను వాడరాదు. అందలి గ్రాఫైటు తేమతో కూడి అల్యూమినియమును తినివేయును.

రివెట్టు బిగించుట తరచు ఇద్దరి పని. ఒకరు గాలిసుత్తిని తలపై ఆనింతురు, రెండవవారు వెనుక ఉక్కుదిమ్మెను పట్టుకొందురు. భార్యాభర్తలు కలిసి ఈ పని చేయుటయు కద్దు. (మాటామాటా పెరుగుటకును ఇదియే సమయమని వినికిడి!) వెనుకవైపు చితికిన భాగము రివెట్టు వ్యాసమునకు ఒకటిన్నర రెట్లు వెడల్పు, సగము ఎత్తు ఉండవలెను. కొంచెము వంకరపోయిన ప్రతి రివెట్టును తీసివేయవలెనను ఆతురత క్రొత్తవారికి సహజము. అది మేలని మేము తలపము. తీయుటలో రంధ్రము పెద్దదైనచో, మొదటి లోపముకంటె అదే ఎక్కువ కీడు.

రివెట్టు తల పైకి పొంగక రేకుతో సమముగ నుండుటకు రంధ్రముచుట్టు గుంటగా నొక్కుదురు. లోహము సాగి పరీక్షకు నిలుచునది అప్పుడే. ఓరెగన్ సంస్థ కొన్ని భాగముల రంధ్రములను లేజరు కిరణముతో కోయించి పంపినది. గుంట నొక్కగానే వాని అంచులు పగులుచున్నవని కట్టువారు మొరపెట్టగా, 2023లో సంస్థ పరీక్షలు జరిపి, మార్చదగిన భాగములకు బదులిచ్చుటకు ఒప్పుకొనెను. ఆ వ్యయమునకు ఇతర నష్టములు తోడై, ఆ డిసెంబరులోనే అది దివాలా రక్షణకై న్యాయస్థానమును ఆశ్రయింపవలసివచ్చెను. అప్పటికే రెక్కలు మూసివేసినవారి స్థితి మరియు కష్టము. పరీక్షలను నమ్మి అట్లే సాగిన వారు కొందరు. మరికొందరు నెలలతరబడి బిగించిన రివెట్లను ఒక్కొక్కటిగా తొలిచి తీసి, క్రొత్త రేకులతో మొదటినుండి పని ప్రారంభించిరి.