పొదుపు సొమ్ముతో బిస్కత్తుల పరిశ్రమ

మన నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారాయి నెదిరించిరి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమున సారాయి నిషిద్ధమయ్యెను. పిమ్మట దినమునకొక రూపాయి చొప్పున దాచిన సొమ్మే పొదుపులక్ష్మి సంఘములకు మూలధనమైనది. అట్టి కష్టార్జితమును బిస్కత్తుల పనిలో పెట్టగోరు సోదరీమణులకు మేము విన్నవించున దేమనగా:

గోధుమపిండికున్న సాగెడు జిగట రాగిపిండికి లేదు. కావున రాగిరొట్టె పొంగదు. రాగిపిండి బిస్కత్తులకు తగును. మన తీరమున గాలిలోని తేమచే బిస్కత్తులు త్వరగా మెత్తబడును. పూర్తిగా చల్లారిన పిదపనే గాలి చొరని డబ్బాలలో నింపవలెను. వేడిమీద నింపినచో ఆవిరి లోననే నిలిచి సరకు చెడును.

ధర కట్టునపుడు పిండి, చక్కెర, నేయి, వంటచెరకు, డబ్బాలు, చెడిన సరకు, వీనితోపాటు సభ్యురాండ్ర కూలిని గూడ చేర్చవలెను. తమ కూలి లెక్కింపనివారు నష్టమునే లాభమని భ్రమింతురు. అంగళ్లకు అరువు మితముగా నీయవలెను. ఆహార భద్రతా చట్టము క్రింద నమోదు తప్పనిసరి.

1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద సంఘము నేర్పరచుకొనవచ్చును. అందు ప్రభుత్వ వాటాధనముండదు, లాభనష్టములు సభ్యులవే.

రైతు సోదరులారా! తొలియేటి లాభమును ఇంటిఖర్చులకై కోరక నిలువధనముగా నుండనిండు. అదియే మీరు చేయదగిన సాయము.