ఆరో అక్షరం

మా కాలేజీలో తెలుగు పాఠానికి ఉదయం మొదటి గంట కేటాయించడం ఆనవాయితీ. ఆ పాఠం వింటూ కునుకు తీసినా పెద్ద నష్టం లేదని టైంటేబిలు వేసేవారి ఉద్దేశం కాబోలు. ఆ మొదటి గంటకు, ముఖ్యంగా చలికాలంలో, తరచుగా ఎగనామం పెట్టే కుర్రవాడొకడు బి.ఏ. రెండో సంవత్సరంలో ఉండేవాడు. పాడేరు అవతల కొండల్లో ఒక పల్లె వాడిది. మంచి గొంతు. పద్యం వాడిచేత చదివించి వినడం నాకు సరదా. కాని వాడు క్లాసులో ఉంటేగా!

ఒకనాడు నలుగురిలోనూ అడిగేశాను. "ఏమయ్యా, కొండల్లో పుట్టిన వాడివి, నీకే ఇంత చలైతే మైదానం వాళ్ళం మేమేం కావాలి?" క్లాసంతా నవ్వింది. వాడూ నవ్వి, "ఒళ్ళునొప్పులు సార్" అన్నాడు. "తెలుగు పాఠమంటే అవి అందరికీ వచ్చేవే" అన్నాను. క్లాసు మళ్ళీ నవ్వింది. ఆ పూట నా చమత్కారానికి నేనే మురిసిపోయాననుకుంటాను.

ఆ నెలలోనే పిల్లలను తీసుకుని అరకు విహారయాత్రకు వెళ్ళాం. రాత్రి చలి ఎముకలు కొరుకుతోంది. రెండు గంటలవేళ ఎవరో నా తలుపు బాదారు. పోయి చూస్తే వాడు మోకాళ్ళు రెండూ పొట్టలోకి ముడుచుకుని, దుప్పటి కొస పళ్ళ మధ్య బిగించి పడి ఉన్నాడు. ఎముకల్ని ఎవరో లోపలినుంచి మెలిపెడుతున్నట్టుందన్నాడు. జీపు మాట్లాడి ఆస్పత్రికి చేర్చేసరికి తెల్లవారవచ్చింది.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్నపిల్లే. సెలైను పెట్టి, నొప్పికి సూదిమందు ఇచ్చి బయటికి వచ్చింది. "ఇతనికి పుట్టుకతోనే సికిల్‌సెల్ జబ్బుంది. మీకు తెలియదా?" అంది. తెలియదన్నాను. "మీరేం పాఠం చెబుతారు?" అంది. చెప్పాను. "అయితే మీకు నచ్చజెప్పడం తేలిక. 146 అక్షరాల వాక్యం ఒకటుందనుకోండి. అందులో ఆరో అక్షరం తప్పు పడింది. అంతే!" అని మరో రోగి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇరవై ఏళ్ళుగా పిల్లల అక్షరదోషాలు దిద్దుతున్నవాణ్ణి. ఒక్క అక్షరం తప్పుకు మనిషి అంత బాధపడడం నేను చూడలేదు. ఆ వాక్యమేమిటో, ఆ అక్షరమేమిటో తేల్చుకోవాలనిపించింది. మా కాలేజీ కెమిస్ట్రీ లెక్చరరు మా వీధిలోనే ఉంటారు. నాలుగు సాయంత్రాలు వారింటి అరుగుమీద కూర్చుని, వారి శ్రీమతి ఇచ్చిన కాఫీలు ఎన్నో తాగి నేర్చుకున్న సంగతులే ఇక్కడ చెబుతున్నాను.

ఆ వాక్యాల పేరు మాంసకృత్తులు. ఇంగ్లీషువారి ప్రోటీన్లు. మాంసకృత్తు అంటే మాంసాన్ని చేసేది అని అర్థమే గాని, మాంసం నుంచి వచ్చేదని కాదు. ఇది తెలియకనే మా నాయనమ్మ, కందిపప్పులో మాంసకృత్తులు పుష్కలంగా ఉంటాయని రేడియోలో విని, రెండు రోజులు పప్పు మానేసింది. మడిగట్టుకుని ఎనభయ్యేళ్ళు మాంసం తిన్నానా అని ఆవిడ దిగులు. శాకాహారులకు ఇంత భయం పుట్టించే మాట మన శాస్త్ర పరిభాషలో మరొకటి లేదేమో. ప్రోటీన్ అన్న మాటకు మాత్రం గ్రీకులో 'మొదటి వరుసలోది' అని అర్థమట. స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ సూచిస్తే, డచ్చి దేశపు ముల్డర్ 1838లో దాన్ని వాడుకలోకి తెచ్చాడు.

ఈ వాక్యాలు రాసే అక్షరాలు అమైనో ఆమ్లాలు. మనకు ఓనమాలు యాభై పైచిలుకు గదా, ప్రకృతి 20తో సరిపెట్టుకుంది. జుట్టు, గోరు, కండ, అన్నం అరిగించే రసాలు, రక్తపు ఎరుపు, అన్నీ ఆ ఇరవైతో రాసినవే. ప్రతి అక్షరానికీ నడుమ ఒక కర్బన పరమాణువు. దానికి ఒక చెయ్యి అమైను, మరో చెయ్యి ఆమ్లం, మూడోది ఉత్త హైడ్రోజను. నాలుగో చేతిలో ఏముందన్నదానిబట్టి దాని పేరూ గుణమూ మారతాయి. కొన్ని నీటిని చూస్తే సంబరపడతాయి. కొన్ని నూనెచుక్కలాగా నీటికి దూరంగా జరుగుతాయి. ఈ గుణాన్ని కాస్త గుర్తుంచుకోండి, కథంతా దీనిమీదే నడుస్తుంది.

ఇవి ఒకదానితో ఒకటి కలిసే పద్ధతి విన్నప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది సుమండీ. ఒకదాని ఆమ్లపు చెయ్యి రెండోదాని అమైను చేతిని పట్టుకున్నప్పుడు మధ్యనుంచి ఒక నీటి అణువు జారిపోతుందట. ఇది అచ్చంగా మన సంధి! 'రాముడు' పక్కన 'అతడు' చేరితే నడుమ ఉకారం ఎగిరిపోయి 'రాముడతడు' అయినట్టే. "మీరు పెప్టైడు బంధం అంటున్నది మా ఉత్వసంధే" అన్నాను. కెమిస్ట్రీ మాస్టారు ఒప్పుకోలేదు. మా సంధికి వికల్పాలుంటాయి, వారి సంధికి ఉండవట. పోనీ, నిత్యసంధి అనుకుందాం. మనం పప్పు తిన్నప్పుడు కడుపులో జరిగేది దీనికి తలకిందులు. నీరు చేరి పదాలు విడిపోతాయి. కందిమొక్క రాసుకున్న వాక్యం చెరిగి, అక్షరాలు మాత్రం మనకు మిగులుతాయి. వాటితో మన వాక్యాలు మనం రాసుకుంటాం.

ఇరవైలో తొమ్మిదింటిని పెద్దవాళ్ళ శరీరం తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. బియ్యంలో లైసిన్ అనే అక్షరం తక్కువ. కందిపప్పులో అది సమృద్ధిగా ఉంటుంది గాని, మిథియొనిన్ తక్కువ, దాన్ని బియ్యం భర్తీ చేస్తుంది. పప్పన్నం కలిపిన మొట్టమొదటి ఇల్లాలికి ఈ పేర్లేవీ తెలియవు. మా నాయనమ్మకు ఈ సంగతి చెప్పేవాళ్ళు ఆనాడు ఉండి ఉంటే, ఆ రెండు రోజులూ ఆవిడ చారన్నంతో సరిపెట్టుకునేది కాదు.

అక్షరాలు వరసగా ఉన్నంత మాత్రాన పని జరగదు. ఆ గొలుసు తనకు తగిన మడతల్లో ముడుచుకోవాలి. కోడిగుడ్డు ఉడకబెట్టినప్పుడు తెల్లసొన గట్టిపడుతుందే, అక్కడ అక్షరాలేమీ మారలేదు. వేడికి మడతలు విప్పుకుని, గొలుసులు ఒకదానికొకటి చిక్కుపడ్డాయి. ఉడికిన గుడ్డును చల్లార్చి మళ్ళీ పచ్చిగుడ్డు చెయ్యమనండి చూద్దాం! ఏ మడత సాధ్యం, ఏది అసాధ్యం అని లెక్కకట్టి పటం గీసినవారు మన దేశస్థులే. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్.రామచంద్రన్, సహచరులతో కలిసి 1963లో ప్రకటించారు. నేటికీ ప్రపంచంలో ఎవరు ప్రోటీన్ ఆకారం కట్టినా రామచంద్రన్ పటంతో సరిచూసుకుంటారట.

ఇక మా కుర్రవాడి వాక్యం. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులుంటాయి. ఆల్ఫా గొలుసులు రెండు, ఒక్కొక్కటి 141 అక్షరాలు. బీటా గొలుసులు రెండు, ఒక్కొక్కటి 146. ఆ బీటా గొలుసులో ఆరో అక్షరం గ్లుటామిక్ ఆమ్లం కావాలి. అది నీటిని ప్రేమించే రకం. వాడికి ఆ చోట వాలిన్ పడింది. అది నీటికి జంకే రకం. ప్రాణవాయువు చేతిలో ఉన్నంతసేపు ఏమీ కాదు. దాన్ని కండకు అప్పగించి తిరిగివచ్చే వేళ ఆ వాలిన్ నీటిని తప్పించుకోవడానికి పక్క హిమోగ్లోబిన్‌లోని గుంటలో తలదాచుకుంటుంది. దాని వాలిన్ ఇంకొకదానిలో. అలా పేనుకుని పొడుగాటి తాళ్ళవుతాయి. గుండ్రంగా ఉండవలసిన రక్తకణం ఆ తాళ్ళ బిగువుకు కొడవలిలా వంగుతుంది. సన్నని రక్తనాళాల్లో ఈ కొడవళ్ళు అడ్డంపడితే ఆ అవతలి ఎముకకు, కండకు గాలి అందదు. ఆ నొప్పే ఆ రాత్రి నేను చూసింది. మామూలు ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది. ఈ కణం పది ఇరవై రోజులే. అందుకే రక్తలేమి. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, నొప్పి తిరగబెడుతుంది. చలికాలం మొదటి గంటకు వాడు ఎందుకు రాలేకపోయాడో కెమిస్ట్రీ మాస్టారి అరుగుమీద నాకు తెలిసింది.

ఈ తప్పు పట్టుకున్న కథ డిటెక్టివు నవలకు తీసిపోదు. చికాగోలో దంతవైద్యం చదువుతున్న గ్రెనడా దీవి యువకుడి రక్తంలో కొడవలి కణాలున్నాయని హెరిక్ అనే డాక్టరు 1910లో ప్రకటించాడు. తరువాత చాలా ఏళ్ళు అది కణం జబ్బనే అనుకున్నారు. 1949లో లైనస్ పౌలింగ్, ఆయన శిష్యులు రెండు రకాల హిమోగ్లోబిన్‌ను విద్యుత్తు మధ్య ఉంచితే రెండూ ఒకే తీరున కదలలేదు. అంటే తేడా అణువులోనే ఉంది. ఎక్కడ? దానికి సమాధానం కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇంగ్రామ్ చెప్పాడు. ఆయన మొత్తం వాక్యం చదవాలని కూర్చోలేదు. 51 అక్షరాల ఇన్సులిన్ చదవడానికే సాంగర్‌కు 1955 దాకా పదేళ్ళు పట్టింది మరి! ఇంగ్రామ్ హిమోగ్లోబిన్‌ను ట్రిప్సిన్ అనే జీర్ణరసంతో ముక్కలు చేసి, ఆ ముక్కలను వడపోత కాగితంమీద పరచి చూశాడు. ముప్పై దాకా మచ్చలు. ఆరోగ్యవంతుడి కాగితం, రోగి కాగితం పక్కపక్కన పెడితే అన్ని మచ్చలూ కుదిరాయి, ఒక్కటి మాత్రం పక్కకు జరిగింది. ఆ ఒక్క ముక్కనూ విడదీసి చదివి, 1957లో ఈ అక్షరానికి బదులు ఆ అక్షరం పడిందని తేల్చాడు. ప్రూఫులు దిద్దడంలో ఇంతకు మించిన ఘనుణ్ణి నేనెరగను.

అన్ని అచ్చుతప్పులూ ప్రమాదకరం కావు. చాలావాటిని పాఠకులు చూసీ చూడనట్టు చదువుకుపోతారు. శరీరమూ అంతే. కాని పెళ్ళివార్తలో 'అతిథులపై పన్నీరు చల్లారు' అన్నచోట 'కన్నీరు' పడితే? ఇది ఆ జాతి తప్పు.

మరి ఇంత చెడ్డ తప్పును ప్రకృతి దిద్దుకోకుండా ఎందుకు ఉంచిందంటారా? తల్లి దగ్గరినుంచి ఒక ప్రతి, తండ్రి దగ్గరినుంచి ఒక ప్రతి మనకు వస్తాయి. ఒక్క ప్రతిలోనే తప్పుంటే మనిషి సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు. పైగా మలేరియా అతన్ని తేలిగ్గా చంపలేదు. 1954లో తూర్పు ఆఫ్రికాలో ఆలిసన్ దీన్ని నిరూపించాడు. కనుక దోమలున్న అడవుల్లో ఆ తప్పు తరతరాలుగా కాపు కాసింది. మన నీలగిరి గిరిజనుల్లో ఇది ఉన్నట్టు 1952లోనే బయటపడింది. విశాఖ మన్యంలో, భద్రాచలం, ఆదిలాబాదు అడవుల్లోనూ ఉంది. చలిజ్వరం మింగకుండా పెద్దల్ని నిలబెట్టిన అక్షరమే, రెండు ప్రతుల్లోనూ పడినప్పుడు మనవణ్ణి మెలిపెడుతోంది.

వాడు ఆస్పత్రినుంచి వచ్చాక క్లాసులోనే క్షమాపణ చెప్పాను. వాడు నాకంటే ఎక్కువ సిగ్గుపడ్డాడు. హైడ్రాక్సీయూరియా మాత్రలు రోజూ వేసుకుంటూ, మంచినీళ్ళ సీసా వదలకుండా డిగ్రీ ముగించాడు. 2023లో బ్రిటనూ అమెరికా జన్యువునే కత్తిరించి చేసే కొత్త చికిత్సను అనుమతించాయి. అదైనా ఆరో అక్షరాన్ని దిద్దదు, గర్భంలో ఉన్నప్పటి పాత హిమోగ్లోబిన్‌ను మళ్ళీ మేలుకొలుపుతుంది. అమెరికాలో వెల 22 లక్షల డాలర్లు. మా వాడితో ఈ మాట అంటే, "అంతకు మా కొండంతా కొనొచ్చు సార్" అన్నాడు.

కిందటేడు ఒకనాడు ఫోను చేశాడు. మేనమామ కూతురితో పెళ్ళి అనుకున్నారు. పిల్లకు రక్తపరీక్ష చేయించమని వీడంటే, మా పిల్ల రక్తంలో దోషమా అని మేనమామ అలిగి కూర్చున్నాడట. "మీరొచ్చి చెబితే వింటారు సార్." 2023 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో ఏడు కోట్లమందికి ఈ పరీక్ష చెయ్యాలని సంకల్పం. కాని అలిగిన మేనమామకు కార్యక్రమాలేం తెలుస్తాయి?

వెళ్ళాను. ఉత్వసంధి అక్కడ పనికిరాలేదు. గ్లుటామిక్ ఆమ్లం మాట ఎత్తనే లేదు. అరుగుమీద ముసలమ్మ పూసలు గుచ్చుతోంది. ఆ దండలోంచే మొదలుపెట్టాను. తల్లి ఇచ్చిన దండ ఒకటి, తండ్రి ఇచ్చింది ఒకటి. ఒకదానిలో ఆరోపూస తేడా అయినా రెండోది కాస్తుంది. మీవాడికి రెండింటిలోనూ తేడా పడింది. పిల్లకు ఒకదానిలో ఉందనుకోండి, పుట్టే ప్రతి బిడ్డకూ ఈ నొప్పి వచ్చే పాళ్ళు సగం. రెండూ మంచివైతే బిడ్డలకు తేడా పూస ఒక్కటే వస్తుంది, జబ్బు రాదు. మేనమామ పెదవి విప్పలేదు. ముసలమ్మ మాత్రం దండ పైకెత్తి చూసి, "మరి దీనికి తగువెందుకు బాబూ? లెక్కెట్టి చూసుకోవాల గాని" అంది. ఆ పిల్ల అప్పటిదాకా గుమ్మం వెనకే నిలబడి వింటోంది. మర్నాడు తనంతట తానే వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చింది.

పది రోజులకు రిపోర్టు ఫొటో తీసి పంపాడు. రెండు దండలూ మంచివే. మేనమామ ఫోను అందుకుని ఒకే ప్రశ్న అడిగాడు: మనవలకు పెళ్ళీడు వచ్చినప్పుడు మళ్ళీ చూపించాలా అని. చూపించాలన్నాను. అప్పటికి మీరుండరు గదా అన్నాడు. కాగితంమీద రాసిస్తానన్నాను.

పెళ్ళి సంక్రాంతి వెళ్ళాక జరిగింది. దానికోసం రెండు రోజులు మొదటి గంట ఎగ్గొట్టాను. చలిగా ఉందని మా ఆవిడ మఫ్లరు చుట్టి పంపింది.