పండగ ముగిశాక పసివాళ్ల బెంగ

చేవెళ్ల, మొయినాబాద్: సద్దుల బతుకమ్మ చెరువు చేరుతుంది. దసరా జమ్మి ఆకు చేతులు మారుతుంది. పట్నం నుంచి వచ్చిన చుట్టాలు మూటాముల్లె సర్దుకుని బీజాపూర్ రోడ్డు మీద బస్సెక్కుతారు. ఆ మర్నాటి నుంచే ఇళ్లలో ఫిర్యాదులు మొదలవుతాయి. పిల్లవాడు అన్నం ముట్టడం లేదు, రాత్రి ఉలిక్కిపడి లేస్తున్నాడు, అంగన్‌వాడీకి పొమ్మంటే తలుపు పట్టుకుని ఏడుస్తున్నాడు.

దిష్టి తగిలిందని కొందరు ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోస్తారు. మొండికేశాడని మరికొందరు నాలుగు తగిలిస్తారు. దిష్టి తీయడం వల్ల నష్టమేమీ లేదు. ఆ కాసేపైనా బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకుంటారు. కొట్టడం వల్ల మాత్రం నష్టం వుంది. ఇది మొండితనం కాదు. దీనికి మన భాషలో పాత పేరే వుంది, బెంగ.

బెంగ ఎందుకు?

పండగ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో పెద్దలకు తెలుసు. మూడేళ్ల పిల్లకు తెలియదు. 'రేపు', 'వచ్చే నెల', 'సంక్రాంతికి' అన్న మాటలకు ఆ వయసులో పెద్ద తేడా వుండదు. తొమ్మిది రోజులు ఇల్లంతా మనుషులు, ఒకరి చంక దిగితే మరొకరి చంక. పదోనాడు గడిచిందో లేదో ఇల్లు ఒక్కసారిగా బోసిపోతుంది. దసరాతోనే పత్తి ఏరే రోజులు వస్తాయి కనుక తల్లి కూడా చేనుకు పోతుంది.

ప్రయాణాల సంగతీ ఇంతే. చిలుకూరు బాలాజీ గుడిలో భక్తులు కోరిక కోరేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108 చేస్తారు. ఆ జనంలో పెద్దల వెంట తిరిగే పసివాడికి పగటి కునుకు తప్పిపోతుంది. 3, 4 ఏళ్ల పిల్లలకు కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర వుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. పెళ్లిళ్లలో, జాతరల్లో అంత నిద్ర దక్కదు. ఆ అలసట ఇంటికి చేరాక ఏడుపుగా బయటపడుతుంది.

చాటుగా వెళ్లవద్దు

పిల్లవాడు ఏడుస్తాడని, నిద్రలో వుండగానే చుట్టాలు మెల్లగా జారుకోవడం మామూలు. 'మామ దుకాణానికి పోయిండు, ఇప్పుడే వస్తడు' అని చెప్పడమూ మామూలే. ఆ పూటకు ఏడుపు తప్పుతుంది. కాని పిల్లవాడు గడప దగ్గర కూర్చుంటాడు. బస్సు చప్పుడు వినబడితే చాలు, బయటికి ఉరుకుతాడు. మామ రాడు. మర్నాడు తల్లి 'పగటీలికి వస్త బిడ్డా' అంటే ఆ మాటా నమ్మడు, కొంగు వదలడు. పెద్దల మాట మీదనే వాడికి నమ్మకం పోతుంది.

మన పెద్దలు ఇల్లు కదిలేటప్పుడు 'పోతున్నం' అనరు, 'పోయొస్తం' అంటారు. ఆ మాట పిల్లలకూ చెప్పాలి. బతుకమ్మను ఎవరూ చాటుగా నీళ్లలో వదలరు. అందరూ చుట్టూ చేరి, పాడి, సద్దులు పంచి సాగనంపుతారు. చుట్టాల విషయంలోనూ అదే మేలు. 'రేపు పొద్దున చాయ్ తాగినంక అత్తమ్మ బస్సెక్కుతది' అని ముందు రోజే చెప్పాలి. బస్సు దాకా పిల్లవాణ్ణి వెంట తీసుకుపోయి చెయ్యి ఊపించాలి. ఏడిస్తే ఏడవనివ్వాలి. ఆ ఏడుపు త్వరగానే తీరుతుంది.

నాలుగు రోజుల జాగ్రత్త

తిండి, స్నానం, నిద్ర వేళలు మొదట గాడిలో పెట్టాలి. అంగన్‌వాడీకి తొలిరోజు ఇంటివాళ్లలో ఒకరు వెళ్లి కాసేపు కూర్చుంటే మంచిది. పిల్ల బెంగ సంగతి టీచరుకు చెప్పాలి. కూలికి పోక తప్పని తల్లి, బిడ్డను నాయనమ్మకో అమ్మమ్మకో అప్పజెప్పి, ఏ వేళకు వస్తుందో చెప్పి, ఆ వేళకే రావాలి.

పండగను మళ్లీ ఆటగా ఆడుకోనివ్వాలి. పూల తోటలున్న ఈ ప్రాంతంలో నాలుగు బంతి పూలకు కొదవ లేదు. చిన్న పళ్లెంలో బతుకమ్మ పేర్చుకుంటే పిల్లకు ఊరట. జమ్మి ఆకో, జాతరలో కొన్న గాజో డబ్బాలో దాచుకోనిస్తే అదొక తోడు.

ఏడుపు మాన్పడానికి సెల్‌ఫోను చేతికివ్వడం సరికాదు. 2 నుంచి 4 ఏళ్ల వారు రోజుకు గంటకు మించి తెర ముందు కూర్చోరాదని అదే సంస్థ చెప్పింది. అదే ఫోనులో పక్కన కూర్చుని అత్తమ్మతో మాట్లాడించడం వేరు, దానివల్ల మేలే జరుగుతుంది.

డాక్టరు ఎప్పుడు?

చాలామందిలో ఈ బెంగ వారంలో సర్దుకుంటుంది. జ్వరం, వాంతులు, విరేచనాలు వున్నా, మూత్రం తగ్గినా, బిడ్డ మగతగా పడివున్నా బెంగేనని వదిలేయరాదు. వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోవాలి. రెండు వారాలైనా తిండి, నిద్ర కుదటపడకపోతే డాక్టరుకు చూపాలి.

ఎవరో ఒక మనిషి పేరు చెబితేనే పిల్ల జడుసుకుంటుంటే, పండగ సందడిలో ఏదైనా జరిగిందేమో ఆలోచించాలి. కసరకుండా, పక్కన పడుకోబెట్టుకుని అడగాలి. చెప్పింది నమ్మాలి. సాయం కావలసి వస్తే పిల్లల సహాయ ఫోను నంబరు 1098కి డబ్బు ఖర్చు లేకుండా చేయవచ్చు.

పండగ ఖర్చుకు నెల ముందు నుంచే నాలుగు డబ్బులు పక్కన పెట్టే ఇళ్లు మనవి. పండగ మర్నాడు ఒక పూట కూడా పసివాళ్ల కోసం అలాగే పక్కన పెడితే చాలు.