బాబు ఒంటికి పోశాడా?

చిన్నప్పుడు బడిలో పంతులుగారికి చిటికెన వేలు చూపిస్తే ఒంటికి, రెండు వేళ్లు చూపిస్తే దొడ్డికి. ఆ వేళ్ల లెక్క మనందరికీ తెలిసిందే. కానీ ఒంట్లో ఆ రెండింటి దారులేమిటో డిగ్రీ చదివిన నాకే మొన్న ఎండాకాలం దాకా సరిగ్గా తెలియదంటే నమ్ముతారా?

నల్గొండలో మా కింది పోర్షన్‌లో మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన కుటుంబం అద్దెకుంటోంది. ఓ మధ్యాహ్నం ఆ ఇంటి కోడలు కంగారుగా మెట్లెక్కి వచ్చింది. "అక్కా, పొద్దుగాల్నుంచి బాబుకు ఒకటే మోషన్స్. ఏడెనిమిదిసార్లయింది. జర వచ్చి చూడవా?"

వెళ్లి చూద్దును గదా, రెండున్నరేళ్ల పిల్లవాడు నానమ్మ ఒళ్లో తోటకూర కాడలా వాడిపోయి ఉన్నాడు. నీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాపుతున్నాడు. పెద్దావిడ గ్లాసు దూరంగా జరిపేస్తోంది. "తాగిన నీళ్లు తాగినట్టే కిందికి పోతున్నయి బిడ్డా. ఇంకా పోస్తే ఇంకా పోతయి. కడుపు ఎండబెడితే అదే ఆగుతది" అంది. మనవడి మీద ప్రేమ లేక కాదు. మా చిన్నప్పుడు మా అమ్మా అలాగే చేసేది.

ఆటోలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "బాబు ఒంటికి ఎప్పుడు పోశాడు?"

ముగ్గురం మొహాలు చూసుకున్నాం. మోషన్స్ అని వస్తే ఒంటి సంగతి అడుగుతారేమిటి! పొద్దున లేవగానే పోశాడు, అంతే. "నీళ్లన్నీ అటే పోతుంటే ఇంక ఒంటికేం వస్తది మేడమ్?" అంది పెద్దావిడ. డాక్టరమ్మ నవ్వి, "మీ మాట సగం నిజమేనమ్మా" అన్నారు. తక్కిన సగం మీకూ చెబుదామనే ఈ నాలుగు మాటలు.

కడుపు ఒకే కుండ కాదు

కడుపంటే ఒక కుండ, తిన్నది వెనక నుంచీ తాగింది ముందు నుంచీ పోతాయని మనలో చాలామంది ఊహ. అది పొరపాటు. తిన్నా తాగినా అన్నీ చేరేది పేగుల్లోకే. పేగుల నుంచి మూత్రాశయానికి నేరుగా దారి లేదు. నడుమ రక్తం ఉంది.

మనం తాగినవీ, లాలాజలమూ, జీర్ణరసాలూ కలిసి పెద్దవాళ్లకు రోజుకు 8, 9 లీటర్ల దాకా పేగుల్లోకి చేరతాయి. అందులో ఎక్కువ భాగం చిన్నపేగు, మిగిలింది పెద్దపేగు పీల్చి రక్తంలోకి పంపుతాయి. చివరికి మలంతో పోయే నీరు గ్లాసెడు లోపే. ఇక మూత్రపిండాలు రక్తం నుంచి రోజుకు 180 లీటర్ల దాకా వడగట్టి, దాదాపు అంతా తిరిగి రక్తానికే ఇచ్చేసి, లీటరో రెండు లీటర్లో బయటికి పంపుతాయి. అంటే మలం పేగుల్లో మిగిలిపోయింది. మూత్రం రక్తంలోంచి వడగట్టింది.

రోటా వైరస్ లాంటివి పేగు గోడను దెబ్బతీస్తే నీటిని పీల్చే పని కుంటుపడుతుంది. కలరా క్రిమి విషమైతే గోడలోంచే నీళ్లూ ఉప్పూ పేగులోకి ఊరేలా చేస్తుంది. అంటే పోయేవి తాగిన నీళ్లు మాత్రమే కాదు, ఒంట్లోని నీళ్లు కూడా! గ్లాసు దాచేస్తే విరేచనాలు ఆగవు, ఒళ్లే ఎండిపోతుంది. అప్పుడు మూత్రపిండాలు, బావి అడుగంటితే నీళ్లు పొదుపు చేసే ఇల్లాలిలా, ఉన్న నీటిని పట్టి ఉంచుతాయి. అందుకే ఒంటికి తగ్గుతుంది, రంగు ముదురుతుంది. డాక్టరమ్మ ప్రశ్నకు అర్థం అదీ.

ఇంకో మాట. ఒంటికి మంటగా ఉన్నా, విరేచనాలైనా మనం "వేడి చేసింది" అనేస్తాం. మాటిమాటికీ ఒంటికి వస్తూ మంట పుడుతుంటే అది మూత్రం దారిలో ఇన్ఫెక్షన్ కావచ్చు. విరేచనాలు పేగుల జబ్బు. రెండింటి వైద్యం వేరు.

ఉప్పూ చక్కెరల స్నేహం

జబ్బుపడ్డ పేగు మరి ఓఆర్ఎస్‌ను ఎలా పీలుస్తుంది? ఉప్పునూ గ్లూకోజునూ జంటగా లోపలికి తీసుకునే ద్వారాలు విరేచనాలప్పుడూ చాలావరకు పనిచేస్తాయి. ఆ జంట వెంట నీళ్లూ వెళతాయి. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్‌లో, బంగ్లాదేశ్ శరణార్థుల్లో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు చాలకపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్లనే తాగించారు. నూటికి 30 దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి.

అయితే పాళ్లు ముఖ్యం. చక్కెర ఎక్కువైతే అదే పేగులోకి నీళ్లు లాగుతుంది. కూల్ డ్రింకులు, తీపి జ్యూసులు అందుకే పనికిరావు. తీపి పానీయాల డబ్బాల మీద ఓఆర్ఎస్ అని రాయడంపై హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. కాబట్టి కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపండి.

ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలకొట్టిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలపండి. విరేచనమైన ప్రతిసారీ రెండేళ్ల లోపు పిల్లలకు పావు నుంచి అర గ్లాసు, అంతకు పెద్ద పిల్లలకు అర నుంచి గ్లాసు, కొద్దికొద్దిగా పట్టండి. వాంతి అయితే పది నిమిషాలాగి మళ్లీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపొద్దు. అన్నం తినే పిల్లలకు ఉప్పేసిన గంజి, మెత్తటి అన్నం పెట్టొచ్చు. జింక్ ఎంతివ్వాలో డాక్టరును అడగండి.

ఆరు గంలైనా ఒంటికి రాకపోయినా, కళ్లు గుంటలు పడ్డా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, మలంలో రక్తం పడ్డా, మత్తుగా పడి ఏమీ తాగలేకపోయినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఆ రోజు తల్లీ నేనూ వంతులవారీగా చెంచాతో పడుతూనే ఉన్నాం. దీపాలు పెట్టేవేళకు పెద్దావిడ ఉన్నట్టుండి "పోసిండు! పోసిండు!" అని కేక పెట్టింది. ఒడంతా తడిసిపోయింది. ఆ తడి చీర మార్చుకోవాలన్న ధ్యాసే లేదావిడకు. నా చేతిలోని గ్లాసు తీసుకుని తనే పట్టడం మొదలుపెట్టింది.