భోజనాల గదికి కొత్త కళ

భోజనాల గదిని బాగుచేద్దామనుకోగానే అందరి కళ్ళూ బజారులోని కొత్త బల్లమీద పడతాయి. నన్నడిగితే దాని జోలికే పోవద్దంటాను. ముందు గోడలు చూడండి. వెనకటి సున్నపు గోడలైతే మళ్ళీ సున్నమే మేలు, ఖర్చూ తక్కువ. ముందురోజే నీళ్ళలో ఉడకనిచ్చి, బట్టలో వడగట్టి, పిసరంత నీలిమందు కలిపితే తెలుపు మల్లెపువ్వులా తేలుతుంది. గోడ తడిపి పలచగా రెండు మూడు పూతలు వేయాలి. చిక్కగా వేస్తే పెచ్చులూడుతుంది. సున్నం ఉడికేటప్పుడు పిల్లల్ని మాత్రం దగ్గరికి రానివ్వకండి.

పాత బల్లను గరుకు కాగితంతో రుద్ది, పెడన అద్దకం గుడ్డ పరవండి. చారు మరక పడ్డా ఆ పూలల్లో కలిసిపోతుంది!

అసలు లెక్క కుర్చీలది. ఇంట్లో అయిదుగురుంటే నాలుగు కుర్చీలు తెస్తారు. ఆ అయిదో మనిషి ఎవరో వేరే చెప్పాలా? అందరికీ వడ్డించి, చల్లారిన అన్నం వంటింట్లో పీటమీద కూచుని తింటుంది. గోడమీద మిగిల్చిన డబ్బుతో వడ్రంగిచేత పొడుగాటి బెంచీ ఒకటి చేయించండి. గోడవారగా వేస్తే ముగ్గురు సర్దుకుంటారు. కూర, పప్పు, మజ్జిగ, మంచినీళ్ళు అన్నీ గరిటెలతో సహా ముందే బల్లమీదికి చేరాలి. ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకుంటారు. కిటికీ పక్క చోటు ఆవిడకివ్వండి.