శస్త్రచికిత్స గదిలో కేన్సర్ మందు: సిబ్బందికి రక్షణ ఎలా?

కేన్సర్ మందు రోగికి ప్రాణరక్షణ కలిగిస్తుంది. అదే మందు దానిని అందించే చేతులకు కీడు చేయగలదు. సరిహద్దు గ్రామాల నుంచి వేలూరు, బెంగళూరు వంటి నగరాల ఆసుపత్రులకు నర్సులుగా, థియేటర్ సహాయకులుగా, పారిశుద్ధ్య పనివారుగా వెళ్లిన బిడ్డలున్న కుటుంబాలు ఈ విషయం తెలుసుకోవడం అవసరం.

సాధారణంగా కేన్సర్ మందును వార్డులో సెలైన్ ద్వారా ఎక్కిస్తారు. అయితే ఉదరపు లోపలి పొరకు వ్యాపించిన కొన్ని కేన్సర్లకు ‘హైపెక్’ అనే పద్ధతి ఉన్నది. కంటికి కనిపించే గడ్డలను తొలగించిన పిమ్మట, మైటోమైసిన్ లేదా సిస్‌ప్లాటిన్ కలిపిన ద్రవాన్ని సుమారు 41 నుంచి 43 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి, పంపు సహాయంతో గంట, గంటన్నర సేపు కడుపులో ప్రవహింపజేస్తారు. ఆ సమయమంతా సిబ్బంది ఆ గదిలోనే ఉంటారు.

ఈ మందులు వేగంగా విభజన చెందే కణాలను నాశనం చేస్తాయి. ఆ కణం రోగిదా, నర్సుదా అన్న భేదం వాటికి లేదు. ఈ మందులు కలిపే నర్సుల మూత్రంలో జన్యువులను మార్చగల పదార్థాల జాడలు ఉన్నట్లు 1979లోనే ఫిన్లాండ్ పరిశోధకులు వెల్లడించారు. చర్మం, శ్వాస, కంటిలో పడే తుంపర, సూది గాయం, కడుక్కోని చేతులతో తినే అన్నం: ఇవే మందు ఒంట్లోకి చేరే దారులు. దద్దుర్లు మొదలుకొని గర్భస్రావం వరకు ముప్పు ఉండవచ్చు.

రక్షణలో మొదటి మెట్టు మందును ఫార్మసీలోని భద్రతా క్యాబినెట్‌లో కలిపి, మూసిన గొట్టాల ద్వారానే పంపడం. గదిలోని వారు రెండు జతల గ్లౌజులు, ద్రవం ఇంకని గౌను, కళ్లద్దాలు ధరించాలి. మామూలు మాస్కు సూక్ష్మ తుంపరలను ఆపలేదు. ఎన్-95 వంటిది కావాలి. అదైనా ఆవిరిని పూర్తిగా అడ్డుకోలేదు కనుక పొగను, ఆవిరిని లాగివేసే యంత్రం ఉండాలి. గర్భవతులను, పాలిచ్చే తల్లులను ఈ పనికి దూరంగా ఉంచాలి. మందు ఒలికితే శుభ్రపరిచే సామగ్రి చేతికందేచోట సిద్ధంగా ఉండాలి.

శస్త్రచికిత్సతో జాగ్రత్త ముగియదు. కనీసం 48 గంటల పాటు రోగి మలమూత్రాలలో, వాంతిలో మందు శేషాలు ఉండవచ్చు. వాటిని ఎత్తేవారు, దుప్పట్లు ఉతికేవారు కూడ గ్లౌజులు వేసుకోవలసినదే. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం మందు అంటిన వస్తువులను పసుపు సంచిలో వేరుచేసి, 1200 డిగ్రీలకు మించిన వేడిలో దహనం చేయించాలి.

కీమో చేయించుకొని ఇంటికి వచ్చినవారి విషయంలోనూ ఇదే సూత్రం. మొదటి రెండు రోజులు వారి బట్టలను విడిగా ఉతకాలి. మరుగుదొడ్డిని ధారాళంగా నీరు పోసి శుభ్రపరచాలి. రోగిని తాకడానికి, పక్కన కూర్చుండి భోజనం చేయడానికి భయపడనక్కరలేదు. కొలువులో ఉన్న బిడ్డలు గ్లౌజులు, గౌను, తగిన శిక్షణ ఇమ్మని అడగడం మాత్రం ధిక్కారం కాదు. అది వారి హక్కు.