వెంటిలేటర్‌పై తుది మాట ఎవరిది?

వయోవృద్ధుడు ఐసీయూలో స్పృహ లేక పడి ఉన్నప్పుడు వెంటిలేటర్ కొనసాగించాలా, వద్దా అని వైద్యులు అడిగితే కుమారులది ఒక మాట, కుమార్తెలది మరో మాట. రోగి ఏమి కోరుకున్నాడో ఎవరికీ తెలియదు. మన పల్లెల్లో వీలునామా అంటే పొలం పంపకమే మరి!

చికిత్సపై తన అభీష్టాన్ని ముందే రాసి ఉంచుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. మేజిస్ట్రేట్ సంతకం కావాలన్న నిబంధనతో అది సామాన్యులకు అందలేదు. 2023 జనవరిలో దానిని సడలించారు. ఇద్దరు సాక్షుల సమక్షంలో సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారితో ధ్రువీకరింపజేసుకుంటే చాలు. తన తరఫున నిర్ణయం చెప్పవలసిన వారి పేర్లూ అందులో రాయాలి. కోలుకునే ఆశ లేదని రెండు వైద్య బోర్డులు ధ్రువీకరిస్తేనే అది అమలవుతుంది. ఒక ప్రతిని పంచాయతీ లేదా మునిసిపాలిటీ అధికారికి అందజేయాలి. మనసు మారితే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు.